టైమ్‌షేర్ ఎక్స్ఛేంజ్‌లో మంచి గది రావాలంటే

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కొబ్బరి తోట, కొంత వరి ఉన్నాయి. ఎనిమిదేళ్ళ క్రితం రూ. 3,50,000 కట్టి 25 ఏళ్ళ టైమ్‌షేర్ సభ్యత్వం, అంటే ఏటా ఒక వారం క్లబ్బు రిసార్టులో ఉండే హక్కు, తీసుకున్నాం. జీఎస్టీతో కలిపి ఏటా రూ. 21,000 నిర్వహణ రుసుము కడుతున్నాం. మా వారాన్ని ఎక్స్ఛేంజ్ సంస్థకు ఇచ్చి, మరో రూ. 9,000 ఎక్స్ఛేంజ్ రుసుము కట్టి, దానికి బదులుగా గత డిసెంబరు చివరి వారంలో గోవాలోని వేరే రిసార్టుకు వెళ్ళాం. వంటశాల పొగగొట్టం పక్కన, లిఫ్టుకు దూరంగా గది ఇచ్చారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. సముద్రం కనిపించే గదికి రాత్రికి రూ. 2,000 అదనం అన్నారు. రూ. 1,50,000 కట్టి సభ్యత్వం పెంచుకుంటే ఇలాంటి ఇబ్బంది ఉండదని అక్కడే ఒకాయన చెప్పారు. కట్టమంటారా?

జవాబు: ఆ లక్షన్నర కట్టకండి. సెలవులో ఉన్నప్పుడు, అసౌకర్యంగా ఉన్నప్పుడు, పెద్దావిడ బాధపడుతున్నప్పుడు పెట్టే సంతకాలు నా దగ్గరకు చాలా వస్తాయి. వాటిలో నాకు సంతోషం కలిగించింది ఒక్కటీ లేదు. మీ సభ్యత్వం పెరిగితే మీ సొంత క్లబ్బులో మీకు వచ్చే గది పెద్దదవుతుంది, సీజను మెరుగుపడుతుంది. ఎక్స్ఛేంజ్‌లో వెళ్ళే పరాయి రిసార్టులో ఏ గది తాళం మీ చేతికి ఇస్తారన్నది మాత్రం ఆ రిసార్టు వాళ్ళ ఇష్టం.

మీరు పంపిన బుకింగ్ కాగితం ఫొటోను పెద్దది చేసి చదివాను. ఒక పడకగది, గరిష్ఠంగా నలుగురు, ఏకాంతంగా ఇద్దరు, పాక్షిక వంటగది అని ఉంది. 'ఏకాంతంగా ఇద్దరు' అంటే పడకగదిలో పడుకునేది ఇద్దరే. మిగిలినవాళ్ళకు హాల్లో సోఫాయే పరుపు. అమ్మగారు అక్కడే పడుకుని ఉంటారు, మోకాళ్ళ నొప్పులతో. నన్ను బాధపెట్టింది పొగగొట్టం కన్నా ఇదే. కాగితంలో సముద్రం మాట ఎక్కడా లేదు. ఎక్స్ఛేంజ్ సంస్థ మీకు ఇస్తానని ఒప్పుకున్నది గది పరిమాణం, తేదీలు, అంతే. ఏ అంతస్తు, ఏ వైపు కిటికీ అన్నది రిసార్టు నిర్ణయిస్తుంది. చాలా చోట్ల ముందు అక్కడి సొంత సభ్యులకు కేటాయించి, ఎక్స్ఛేంజ్ అతిథులకు మిగిలినవి ఇస్తారు.

కాబట్టి పరిమాణం దగ్గర రాజీ పడకండి. ఎక్స్ఛేంజ్ సంస్థలైన ఆర్‌సీఐ 1974లో, ఇంటర్వెల్ ఇంటర్నేషనల్ 1976లో మొదలయ్యాయి. రెండింటిలోనూ మీరు జమ చేసే, అంటే మారకానికి ఇచ్చే, వారానికి ఒక మారకపు విలువ ఉంటుంది. మీరు అంబాజీపేట మార్కెట్టుకు కొబ్బరి తోలినవారు కదా, వెంటనే అర్థమవుతుంది: కాయ సైజు ఎంత, తెచ్చిన రోజున గిరాకీ ఎలా ఉంది అన్నదాన్ని బట్టే ధర. ఇక్కడా అంతే. మీరిచ్చే గది ఎంత పెద్దది, ఏ సీజనుది, వాడుకోవాల్సిన తేదీకి ఎంత ముందుగా జమ చేశారు అన్నవి చూస్తారు. తేదీ దగ్గరపడ్డాక జమ చేస్తే విలువ పడిపోతుంది. మీరు అక్టోబరులో జమ చేసి డిసెంబరు చివరి వారం గోవా అడిగారు. దేశమంతా గోవాకే వెళ్ళే వారం అది. దొరకడమే గొప్ప.

మీ పిల్లల చదువులు అయిపోయాయని రాశారు. మరి బడి సెలవుల రద్దీలో ఎందుకు? దాళ్వా నాట్లు ముగించి, అంతర్వేది కల్యాణం చూసుకుని ఫిబ్రవరిలో బయలుదేరండి. గోవాలో ఎండ ముదరదు, కొత్త సంవత్సరపు జనం ఉండరు. అప్పుడు రెండు పడకగదులు దొరికే అవకాశం ఎక్కువ, రిసార్టు చేతిలో ఖాళీ గదులూ ఎక్కువే. ఆ తేదీలకు వెతుకులాట అభ్యర్థన ఇప్పుడే పెట్టి ఉంచండి. మూడు నాలుగు రిసార్టులు, రెండు మూడు వారాలు రాస్తే మంచిది.

బుకింగ్ ఖాయమయ్యాక, ప్రయాణానికి రెండు వారాల ముందు రిసార్టుకే నేరుగా ఈమెయిలు పంపండి. పది కోరికలు రాస్తే ఒక్కటీ తీరదు. ఇంత చాలు: 'మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. లిఫ్టుకు దగ్గరగా గానీ, కింది అంతస్తులో గానీ గది ఇవ్వగలరా? వంటశాలకు దూరంగా ఉంటే సంతోషం.' సముద్రం ఊసు వద్దు. ఆరోగ్య కారణం చెప్పి అడిగిన చిన్న కోరికను కాదనడం వాళ్ళకూ కష్టమే. మూడు రోజుల ముందు ఫోను చేసి గుర్తు చేయండి. మీరు క్రితంసారి రాత్రి తొమ్మిదికి చేరుకున్నారు. అప్పటికి మిగిలేది ఎవరూ వద్దన్న గదే. ఈసారి మధ్యాహ్నానికే చేరుకోండి. పెట్టెలు విప్పకముందే గది చూడండి. నచ్చకపోతే మెల్లగా చెప్పి, ఆ రోజు కుదరకపోతే వారం మధ్యలో ఎవరైనా ఖాళీ చేసినప్పుడు మార్చమనండి.

ఇక రాత్రికి రూ. 2,000 సంగతి. కొన్న ధరను 25 ఏళ్ళకు పంచితే ఏడాదికి రూ. 14,000. నిర్వహణకు రూ. 21,000, ఎక్స్ఛేంజ్‌కు రూ. 9,000. మొత్తం రూ. 44,000, ఏడు రాత్రులకు పంచితే రాత్రికి దాదాపు రూ. 6,300. సముద్రపు గదికి మారితే రూ. 58,000, అంటే రాత్రికి దాదాపు రూ. 8,300. ఆ డబ్బు ఇచ్చే ముందు అదే రిసార్టులో, అవే తేదీలకు, అదే గది నేరుగా తీసుకుంటే ఎంతో చూడండి. రూ. 8,300 కన్నా తక్కువుంటే ఆ ఏడాది అక్కడికి ఎక్స్ఛేంజ్‌లో వెళ్ళకండి. మీ వారాన్ని మీ క్లబ్బు రిసార్టులోనే వాడుకోండి. ఎక్కువుంటే, అమ్మగారు కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూడాలని మీకుంటే, నిస్సంకోచంగా ఇవ్వండి. అయితే ఏడు రాత్రులకూ అక్కర్లేదు, రెండు మూడు రాత్రులకు ఇస్తారేమో అడగండి.

వచ్చే ఏడాది వారాన్ని ఈ నెలలోనే జమ చేయండి. కొత్త బుకింగ్ కాగితం రాగానే నాకు పంపండి. 'ఏకాంతంగా' అన్నచోట నాలుగు ఉందో లేదో చూసి చెబుతాను.