ఎక్సెల్ షీటు ఉండగా సిమ్యులేషన్ ఎందుకు?

చిన్న షెడ్డుకు సిమ్యులేషన్ మోడల్, అంటే షెడ్డులో పని రోజురోజుకూ ఎలా నడుస్తుందో కంప్యూటర్‌లో నడిపి చూసే ప్రోగ్రాము, అవసరమా, ఎక్సెల్ షీటు చాలదా అని అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో నాలుగేళ్లు ప్లానింగ్ చూసినవాడిగా, చాలదనే చెబుతాను.

మా షీటులో క్యాబిన్, తొట్టి, పెయింటు, వైరింగు అన్నీ కలిపితే 14 రోజులు వచ్చేది. ఓనరుగారు దానికి కాస్త కలిపి, 20 రోజుల్లో బండి ఇస్తామని మాట ఇచ్చేవారు. ఆవరణలో ఎప్పుడు చూసినా బాడీ కట్టాల్సిన 18 చాసిస్‌లు, వారానికి బయటికి వెళ్లేవి 3. అంటే 18ని 3తో భాగిస్తే ఒక్కో బండికి ఆరు వారాలు. ఈ లెక్కను జాన్ లిటిల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1961లోనే నిరూపించాడు కానీ, మా షెడ్డు దాకా అది రాలేదు. సగటులు వేసే షీటుకు పని పెరిగితే క్యూ ఎంత పెరుగుతుందో తెలియదు. పనులు వేళాపాళా లేకుండా వస్తూ, ఒక్కోదానికి ఒక్కోలా సమయం పడుతున్నప్పుడు, సాధారణ క్యూ లెక్క ప్రకారం 80 శాతం సమయం పనిలో ఉండే చోట నిరీక్షణ పని సమయానికి నాలుగు రెట్లయితే, 90 శాతం దగ్గర అది తొమ్మిది రెట్లవుతుంది.

పైథాన్ భాషలో సిమ్యులేషన్లు రాయడానికి ఉచితంగా దొరికే సింపై (SimPy) లైబ్రరీతో నేను రాసిన మొదటి మోడల్ 22 రోజులని చెప్పింది. పెయింటు మేస్త్రీ తెర వంక చూసి, “ఏమండీ, మీ కంప్యూటర్‌లో అన్నానికి ఎవరూ లేవరా?” అన్నాడు. అసలు తేడా అన్నం దగ్గర లేదు. వానాకాలంలో లప్పం ఆరడానికి అతను అదనంగా ఒక రోజు ఆగుతాడు. మరో మూడు షెడ్లు చూసుకునే ఎలక్ట్రీషియన్ మా దగ్గరికి సోమ, గురువారాల్లోనే వస్తాడు కనుక, గురువారం సాయంత్రం పెయింటు ముగిసిన బండి సోమవారం దాకా ఊరికే నిలబడుతుంది. ఈ రెండూ చేర్చాక మోడల్ 40 రోజుల దగ్గరికి వచ్చింది. సాఫ్ట్‌వేర్ అమ్మేవారు త్రీడీ బొమ్మలో ఫోర్క్‌లిఫ్టును తిప్పి చూపిస్తారే తప్ప, ఎలక్ట్రీషియన్ ఏ రోజు వస్తాడని అడగరు.

అప్పు చేసి కట్టాలనుకున్న రెండో పెయింటు షెడ్డుతో మోడల్‌లో తగ్గింది రెండు రోజులే. ఎలక్ట్రీషియన్‌ను మూడో రోజు కూడా పిలిపించి, లోపల 12 చాసిస్‌లకు మించి ఉంచకపోతే నాలుగు వారాల్లో బండి ఇవ్వవచ్చని తేలింది. “వచ్చిన లక్ష్మిని గేటు బయట నిలబెడతామా?” అన్న ఓనరుగారు చివరికి ఒప్పుకున్నారు. ఇప్పుడు పదమూడో చాసిస్‌ను ఎదుటి ఖాళీ స్థలంలో పెట్టిస్తున్నారు. అది అక్కడ నిలిచిన రోజులను మాత్రం లెక్కలోకి తీసుకోరు.