ఆ 3000 వాట్స్ సంగతి, ఇంకా వైర్ల సంగతి

ఒరేయ్ అల్లుడూ,

కారులో పెట్టుకుంటానని నువ్వు పంపిన యాంప్ (పాట శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) ఫోటో చూశా. డబ్బా మీద 3000 వాట్స్ అని ఇంతేసి అక్షరాలు, చుట్టూ మంటల బొమ్మ. సరే గానీ దాని పవర్ టెర్మినల్ పక్కన రెండు ఫ్యూజులున్నాయి, ఒక్కోటి 30, అవి చూశావా? మొత్తం 60 ఆంపియర్లు. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు సుమారు 14 వోల్టులు ఉంటుంది కదా, రెండూ గుణిస్తే 840 వాట్స్, అదీ లోపలికి పోయేది. క్లాస్ డి యాంప్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) అయితే అందులో ఓ 80 శాతం సబ్‌కి, అంటే బేస్ కొట్టే సబ్‌వూఫర్ స్పీకర్‌కి వస్తుంది, అంటే ఎంత గింజుకున్నా 670. మిగతా 2300 ఎక్కణ్ణించి తెస్తుందో ఆ డబ్బా ప్రింట్ చేసినోణ్ణే అడగాలి. పై పటారం లోన లొటారం అంటే ఇదే. ఇక నుంచి ఏ యాంప్ చూసినా ముందు ఫ్యూజుల నంబర్ చూడు, డబ్బా తర్వాత.

అలాగని అది పనికిరాదని కాదు రా. నీ సబ్ 500 ఆర్ఎంఎస్ అన్నావు, అంటే ఆగకుండా తట్టుకునే వాట్స్, దానికి ఈ యాంప్ సరిపోవచ్చు, కాకపోతే మాన్యువల్ తీసి 2 ఓమ్స్ (కరెంటుకి ఎంత అడ్డు అనే కొలత) దగ్గర ఆర్ఎంఎస్ ఎంత అని రాశాడో చూడు. 2 ఎందుకంటే నీ సబ్‌కి లోపల రెండు కాయిల్స్ (తీగ చుట్టలు), ఒక్కోటి 4 ఓమ్స్. రెండు ప్లస్సులూ కలిపి రెండు మైనస్సులూ కలిపితే 2 అవుతుంది, ఒకదాని మైనస్ రెండోదాని ప్లస్‌కి గొలుసులా కలిపితే 8 అవుతుంది, 8 దగ్గర ఈ యాంప్ నీరసంగా మూలుగుతుంది అంతే. రేపెప్పుడైనా రెండు 2 ఓమ్స్ కాయిల్స్ ఉన్న సబ్ తెచ్చి ఇలాగే కలిపేవు, అప్పుడు 1 ఓమ్ అవుతుంది, 1 ఓమ్‌కి తట్టుకుంటానని మాన్యువల్‌లో రాసి లేకపోతే యాంప్ వేడెక్కి ప్రొటెక్ట్ లైటు వేసుకుని కూర్చుంటుంది, లేదా పోతుంది. కలిపాక మీటర్ పెట్టి చూస్తే 2 కి బదులు 1.7, 1.8 చూపిస్తే కంగారుపడకు, కాయిల్ రెసిస్టెన్స్ ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది.

ఇక వైరు. నీలాంటోళ్ళు యాంప్‌కి డబ్బు పెట్టి వైరు దగ్గర పిసినారితనం చేస్తారు. నీకు పాట గట్టిగా వచ్చేటప్పుడు 45 ఆంపియర్ల దాకా లాగుతుంది, బాటరీ నుంచి డిక్కీ దాకా ఎంత పొడుగో నీకే తెలుసు, కాబట్టి 4 గేజ్ వెయ్యి, 8 గేజ్ వద్దు, గేజ్ నంబర్ తగ్గే కొద్దీ వైరు లావు. అదీ అసలు రాగి అయ్యుండాలి. రాగి పూత పూసిన అల్యూమినియం వైర్లు బోలెడు, పైకి అచ్చం రాగిలాగే మెరుస్తాయి. చివర కాస్త ఊడదీసి ఒక్క పోగుని బ్లేడుతో గీకి చూడు, లోపల తెల్లగా వెండిలా కనపడితే అది అల్యూమినియం. అదే వేయాల్సొస్తే ఒక సైజు లావుది వెయ్యి.

ఫ్యూజు గురించి మాత్రం నా మాట విను. బాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి, ఎంత దగ్గరైతే అంత మంచిది. నేను నీ వయసులో ఫ్యూజు డిక్కీలో యాంప్ పక్కన పెట్టా, పోతే మార్చుకోవడం తేలిక కదా అని నా తెలివి. బానెట్ నుంచి లోపలికి వైరు దూర్చిన కన్నానికి రబ్బరు బుష్ కూడా వెయ్యలా. కొన్ని నెలలు బాగానే మోగింది, ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగుంటే కాలి దగ్గర రబ్బరు కాలిన కంపు, కిందికి చూస్తే కార్పెట్ సందులోంచి సన్నగా పొగ. ఆ రేకు అంచు రోజూ కొంచెం కొంచెం కోసుకుంటూ వైరు తొడుగుని తినేసి రాగి బాడీకి తగిలింది, ఫ్యూజు ఏమో అవతల డిక్కీలో హాయిగా ఉంది, దానికేం తెలుస్తుంది? పరిగెత్తి బానెట్ ఎత్తి టెర్మినల్ పీకేలోపు అరచెయ్యి కాలింది. ఆ ఫ్యూజు యాంప్‌ని కాపాడ్డానికి కాదు రా, వైరుని కాపాడ్డానికి. నీకు 60 వెయ్యి చాలు, మాటిమాటికీ పోతోందని 150 పెట్టావంటే నాకు ఫోన్ చెయ్యకు.

గ్రౌండ్ వైరు కూడా అదే 4 గేజ్, పొట్టిగా, అర మీటరు దాటకుండా. డిక్కీలో గట్టి రేకు చూసుకుని ఎమరీ పేపర్‌తో పెయింట్, కింద ప్రైమర్ అన్నీ పోయి ఇనుము తళతళలాడేదాకా రుద్దు, అప్పుడు రింగ్ టెర్మినల్ పెట్టి బోల్టు బిగించి పైన తుప్పు పట్టకుండా కాస్త గ్రీజు పుయ్యి. సీటు బెల్టు బోల్టు జోలికి పోకు, అది ప్రాణం కాపాడేది. కొత్త కన్నం వేసేముందు బండి కిందకి దూరి ఆ చోట పెట్రోల్ ట్యాంకు ఉందేమో చూడు, నవ్వకు, నిజంగా చూడు. సగం కంప్లైంట్లు, ఇంజన్ రేస్ చేస్తే ఈల వేసినట్టు కూత రావడం, బేస్ కొట్టినప్పుడల్లా యాంప్ ఆగిపోవడం, ఈ గ్రౌండ్ దగ్గరే తేలతాయి. కూతకి ఇంకో కారణం పవర్ వైరు, స్టీరియో నుంచి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లు ఒకే పక్కన లాగడం, ఒకటి ఎడమ నుంచి తెస్తే ఇంకోటి కుడి నుంచి తే.

యాంప్‌ని ఆన్ ఆఫ్ చేసే రిమోట్ వైరు స్టీరియో వెనక నీలం తెలుపు చారల వైరుకి కలుపు, తిన్నగా బాటరీకి కలిపావంటే యాంప్ రాత్రంతా మేలుకుని ఉంటుంది, పొద్దున బండి స్టార్ట్ అవ్వదు. నీది బండితో వచ్చిన స్టీరియో, ఆర్‌సీఏ లేదంటే యాంప్‌లో హై లెవెల్ ఇన్‌పుట్ ఉందేమో చూసుకో, ఉంటే స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకోవచ్చు.

యాంప్ మీద గెయిన్ అనే నాబ్ వాల్యూమ్ బటన్ కాదు, స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టేది. అందరూ ఇక్కడే సబ్‌లు కాల్చుకునేది. సబ్ వైర్లు పీకేసి, బేస్ బూస్ట్ సున్నా, ఈక్వలైజర్ సున్నా, గెయిన్ పూర్తిగా తగ్గించి, స్టీరియో ముప్పావు వాల్యూమ్‌లో పెట్టి 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ప్లే చెయ్యి. మీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినల్స్ మీద ఆనించి గెయిన్ మెల్లగా తిప్పు. ఎంత దాకా అంటే 500 ని 2 తో గుణించి వర్గమూలం తియ్యి, 31.6 వస్తుంది, 31 వోల్టుల దగ్గర ఆపెయ్. ఇంకా తిరుగుతుంది కదా అని తిప్పకు. తర్వాత బేస్ బూస్ట్ ముట్టుకోకు, 6 డీబీ పెంచావంటే ఆ చోట నాలుగు రెట్లు పవర్ అడిగినట్టు, యాంప్ దగ్గర అంత ఉండదు, క్లిప్ అయి, అంటే శబ్దం తల తెగినట్టయి, కాయిల్ మాడుతుంది. లో పాస్ (బేస్‌ని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి చెవితో సర్దుకో. నీ బాక్స్‌కి గొట్టం కన్నం ఉంటే మరీ లోతు శబ్దాల్ని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ కూడా ఆన్ చెయ్, ఓ 25, 30 దగ్గర.

యాంప్‌ని సబ్ బాక్స్ మీద బిగించకు, అదురుకి లోపల టంకాలు ఊడతాయి. పని మొదలుపెట్టేముందు బాటరీ మైనస్ తీసెయ్, హోల్డర్‌లో ఫ్యూజు పెట్టడం అన్నిటికన్నా ఆఖర్న. ముందు ఆ వైరు పోగు గీకి ఫోటో పంపు, చూసి చెప్తా.

మీ మామ