కాంతికి కాలం గడవదా?

ప్రశ్న: వేగం పెరిగే కొద్దీ గడియారం నెమ్మదిస్తుందనీ, కాంతి వేగం దగ్గర కాలం పూర్తిగా ఆగిపోతుందనీ చదివాను. అలాంటప్పుడు సూర్యుడి నుంచి బయలుదేరిన ఫోటాన్ (కాంతి కణం) తన లెక్కలో అదే క్షణాన భూమిని చేరుకున్నట్టేనా? మరి దానికి 8 నిమిషాలు పడుతుందని ఎందుకంటున్నాం?

జవాబు: 8 నిమిషాల 20 సెకన్లు, అంటే సుమారు 500 సెకన్లు, మన గడియారాల లెక్క; అందులో సందేహించవలసింది ఏమీ లేదు. ఇదే దూరాన్ని ఒక నౌక కాంతి వేగంలో 99.5 శాతం వేగంతో దాటిందనుకుంటే, అందులోని గడియారంలో దాదాపు 50 సెకన్లే గడుస్తాయి, వేగాన్ని 99.995 శాతానికి పెంచితే 5 సెకన్లే. ఈ వరుసను ఇంకా పొడిగిస్తూ పోతే చివరికి సున్నా తేలుతుంది కనుక, ఫోటాన్‌కు కాలమే గడవదని తోచడం సహజం. అయితే ద్రవ్యరాశి ఉన్న ఏ గడియారమూ ఆ చివరి మెట్టు ఎక్కజాలదు, అందుకు అనంతమైన శక్తి కావాలి.

అసలు అడ్డంకి ఇంతకంటే లోతైనది. ‘ఫోటాన్ లెక్కలో’ అనాలంటే, ఫోటాన్ నిశ్చలంగా కనిపించే నిర్దేశ చట్రం, అంటే కాలాన్నీ దూరాన్నీ కొలిచే పరిశీలకుడి దృక్కోణం, ఒకటి ఉండాలి. కానీ ఏకరీతి వేగంతో కదిలే పరిశీలకులందరికీ శూన్యంలో కాంతి సెకనుకు 2,99,792 కిలోమీటర్ల వేగంతోనే పోతుందన్నది 1905లో ఐన్‌స్టీన్ తన ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతానికి పునాదిగా తీసుకున్న సూత్రం. కాంతిని నిశ్చలంగా చూసే పరిశీలకుడు ఉన్నాడంటే ఆ సూత్రమే కూలిపోతుంది. అందుచేత ఫోటాన్ ఏమి అనుభవిస్తుందన్న ప్రశ్నకు ఈ సిద్ధాంతంలో చోటే లేదు. ఈ మాట చెప్పకుండా ‘కాంతికి కాలం ఆగిపోతుంది’ అని మాత్రమే రాసి వదిలేయడం పాఠకులకు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

మరి ఆ సున్నాకు అర్థమేమిటి? 1908లో గణిత శాస్త్రవేత్త మింకోవ్‌స్కీ చూపిన పద్ధతిలో, రెండు సంఘటనల మధ్య కాలాన్ని సెకన్లలోనూ, దూరాన్ని కాంతి సెకన్లలోనూ (కాంతి ఒక సెకనులో పోయే దూరం ఒక కాంతి సెకను) కొలిచి, కాలపు వర్గం నుంచి దూరపు వర్గాన్ని తీసివేస్తే వచ్చే విలువ పరిశీలకులందరికీ ఒకటే. కాంతి దారిలో 500 సెకన్లకు 500 కాంతి సెకన్లు సరిపోయి, శేషం సున్నా అవుతుంది. మనం చెప్పే 500 సెకన్లు కాలం ఒక్కదాని కొలత, సున్నా కాలమూ దూరమూ కలిసిన కొలత. కాబట్టి రెండూ నిజమే.

ఇది కాగితం మీది లెక్కగానే మిగిలిపోలేదు. న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలకు ద్రవ్యరాశి లేదని చాలాకాలం భావించారు. అవి దారిలో ఒక రకం నుంచి మరో రకంలోకి మారుతున్నాయని జపాన్‌లోని సూపర్ కమియొకాండే, కెనడాలోని సడ్‌బరీ ప్రయోగాలు చూపాయి. దారిలో మారుతున్నాయంటే వాటికి కాలం గడుస్తున్నట్టే. కనుక అవి కాంతి కంటే ఏ కొంచెమో తక్కువ వేగంతో పోతున్నాయనీ, వాటికి ద్రవ్యరాశి ఉందనీ తేలింది. ఈ పరిశోధనలకే తకాకి కజితా, ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించింది.