నీ కథలో క్యారెట్ ఎందుకు మాట్లాడుతోంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. అందులోని పిల్ల చిట్టి, వేడి చిలగడదుంప తొక్క తీస్తూ వేళ్లు కాల్చుకుని, దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకునే చోటు బాగుంది. ఆ తర్వాతే కోపం వచ్చింది. చిప్స్ ప్యాకెట్ రాక్షసుడై రావడం, క్యారెట్ లేచి ఎ విటమిన్ గురించి పాఠం చెప్పడం, చిట్టి చెవులు పట్టుకుని "ఇంకెప్పుడూ తినను" అనడం, ఇవన్నీ ఎందుకమ్మా? హాయిగా దుంప తింటున్న పిల్లని ఆపి క్లాసు పీకావు.

పిల్లల కథలో తిండి నోరూరించాలి. "ఒంటికి మంచిది" అన్నావో, అది మందైపోతుంది. పిల్లలు నోరు బిగించేస్తారు.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో ఒక సంపాదకుడు నా సున్నుండల కథని "నీతి లేదు" అని తిప్పి పంపాడు. మినుములు వేయిస్తున్న వాసనకి వీధి పిల్లలంతా గుమ్మంలో చేరడమే ఆ కథ. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు. ఇప్పుడు నీతి పోయి పోషకాల పట్టిక వచ్చింది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి నేను చూసిన రాతప్రతుల్లో రాగులన్నీ కాల్షియం లెక్కలే చెబుతున్నాయి. 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, నిజమే. ఆ లెక్క అమ్మకి కావాలి. పిల్లకి కావాల్సింది బెల్లం వేసిన రాగిజావ తాగాక పెదవి మీద మిగిలే మీసం.

కొత్త రుచిని పిల్లలు తోసేస్తారు. ఎనిమిది, పదిసార్లు రుచి చూస్తే గానీ చాలామందికి అలవాటు కాదు. పుస్తకంలో ముందే బొమ్మ చూసిన కూరగాయని తినడానికి పిల్లలు ఎక్కువ ఇష్టపడతారని ఇంగ్లండ్‌లో రీడింగ్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధనల్లో తేలింది. అందుకే బీరకాయ బొమ్మని పాదుతో సహా గీయించు. కళ్లూ కాళ్లూ పెట్టించొద్దు.

మా ఊరి అంగన్‌వాడీలో నేను కథ చదివితే, కథలో ఉన్నదే చిరుతిండి. పల్లీ ఉండలైతే పల్లీలు మెత్తగా దంచే కడతాం, పలుకులు చిన్నవాళ్ల గొంతుకి అడ్డం పడతాయి. బీరపొట్టు పచ్చడి ముద్ద చూసి ఏడ్చేవాడొకడు, కథయ్యాక నాలుకతో తాకి చూశాడు. ఎవరినీ శభాష్ అననివ్వలేదు నేను. తర్వాతి వారం సగం ముద్ద తిన్నాడు.

పబ్లిషర్ల సంగతి తర్వాత. ముందు ఆ రాక్షసుణ్ణీ క్యారెట్‌నీ తీసేసి, చిట్టి దుంప తినడం పూర్తయ్యేదాకా రాసి పంపు. ఆ దుంప నీళ్లలో ఉడికించారో, నిప్పుల్లో కాల్చారో నువ్వు రాయలేదు. అదీ రాయి.