డిస్క్ సమస్య ఉన్నా సదరంలో 20 శాతమేనా?

ఎంఆర్‌ఐలో నడుము డిస్క్ జారిందని ఉన్నా, సదరంలో (వైకల్యానికి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్) మీ నాన్నగారికి 20 శాతమే వైకల్యం వేశారని అడిగారు. బహుశా మీరు ఫిల్ము చూపించారు కానీ కాలి బలహీనతకు కాగితం చూపించలేదేమో. ఒట్టి నొప్పితో శాతం పెద్దగా పెరగదు. కీళ్ల కదలిక, కండరాల బలం, నడక, ఇవే చూస్తారు.

1. చాలామంది వదిలేసేది ఇదే: ఆర్థో లేదా న్యూరో డాక్టరుతో కాలి కండరాల బలం 5కి ఎంతో పరీక్షించి అంకె వేయించండి. "నడుము నొప్పి, విశ్రాంతి" అనే చీటీ అక్కరకు రాదు. మడమల మీద నిలబడలేకపోతున్నా, బొటనవేలు పైకి లేవకపోయినా ఆ మాటే రాయమనండి.

2. నరాల పరీక్ష (ఎన్‌సీవీ) చేయించి ఉంటే జతచేయండి.

3. మందులు, ఫిజియోథెరపీ, ఆపరేషన్ కాగితాలు తేదీల వరసలో పెట్టండి. వైద్యం అయ్యాక కూడా మిగిలిన లోపమని తెలియాలి.

4. డాక్టరు ముందు బింకంగా నడిచేసే పెద్దవాళ్లుంటారు, మా ఇంట్లోనూ ఒకరున్నారు! రోజూ ఎలా నడుస్తారో అలాగే నడవమనండి. ఎక్కువ చేసి చూపించనూ వద్దు.

సర్టిఫికెట్‌పై అప్పీలు చేసుకునే హక్కు 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోనే ఉంది. ఏపీలో నెలకు 6,000 రూపాయల దివ్యాంగుల పింఛనుకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. అప్పీలు ఎలా చేయాలో ముందు మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి.