రాజమండ్రి హేవ్‌లాక్ వంతెనను రిపేర్ చేయకుండా కొత్తది ఎందుకు కట్టారు?

1900లో రాకపోకలు మొదలైన ఆ వంతెన మీద దాదాపు వందేళ్లు రైళ్లు నడిచాయి. రైలు వెళ్లిన ప్రతిసారీ ఇనుప గర్డర్ (బరువు మోసే దూలం) కాస్త వంగి లేస్తుంది. లక్షలసార్లు అలా జరిగితే రివెట్ల (ఇనుప ముక్కల్ని కలిపే మేకుల) దగ్గర లోహం అలసిపోతుంది, రంగు వేస్తే పోయే జబ్బు కాదది. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీదా ఒకటే లైను కాబట్టి, హేవ్‌లాక్‌ను ఆపి బాగుచేయడం కష్టం. అందుకే పక్కనే ఆర్చి (విల్లులా వంగిన కమాను) వంతెన కట్టి, 1997లో పాతదానికి విశ్రాంతినిచ్చారు.

పాతదానికి 56 స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు), కొత్తదానికి 28. ఆర్చి కాళ్లు బయటికి జారకుండా కింది కాంక్రీటు గర్డరే వింటినారిలా లాగి పట్టుకుంటుంది. ఘాట్ నుంచి చూస్తే ఆర్చికి వేలాడే హ్యాంగర్లు కనిపిస్తాయి. ట్రాక్ బరువును పైకి అందించేవి అవే. పాతదాన్ని కూల్చకుండా ఉంచడం మాత్రం నాకెంతో సంతోషం.