ప్రశ్న – జవాబు: నియమం తప్పిన పెన్‌డ్రైవ్‌కు డ్రైవర్‌లో ఎంత చోటివ్వాలి?

ప్రశ్న: ఒక చిన్న కంట్రోలర్ బోర్డు కోసం యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డ్రైవర్‌ను (పెన్‌డ్రైవ్ వంటి నిల్వ పరికరాలతో మాట్లాడే ప్రోగ్రామ్‌ను) సొంతంగా రాస్తున్నాను. స్పెసిఫికేషన్‌ను పక్కన పెట్టుకుని, పొల్లు పోకుండా అనుసరించాను. నా దగ్గరున్న ఐదు పెన్‌డ్రైవ్‌లలో నాలుగు చక్కగా పనిచేస్తున్నాయి. ఐదోది మాత్రం 1,56,33,409 సెక్టార్లు (డేటా దాచే సమాన భాగాలు) ఉన్నట్టు చూపించి, చివరి సెక్టారు చదవబోయేసరికి బిగుసుకుపోతోంది; పీకి మళ్లీ పెడితే తప్ప పలకదు. తప్పు పరికరానిదైనప్పుడు దాని కోసం నా కోడ్‌ను వంచడం సరైనదేనా? వంచితే ఎక్కడ వంచాలి?

జవాబు: మీరు రాసిన అంకెలోనే సగం జవాబు ఉంది. సామర్థ్యం ఎంతో అడిగే రీడ్ కెపాసిటీ ఆదేశానికి పరికరం 8 బైట్ల సమాధానం పంపుతుంది. అందులో మొదటి 4 బైట్లు చివరి సెక్టారు క్రమసంఖ్యను తెలుపుతాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కనుక దానికి ఒకటి కలిపి మొత్తం ఎంతో తేల్చుకోవలసిన బాధ్యత డ్రైవర్‌ది. మీ ఐదో పెన్‌డ్రైవ్‌కు ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే నడిచే ప్రోగ్రామ్) రాసినవారు అక్కడ మొత్తం సంఖ్యనే, అంటే 1,56,33,408ని, పెట్టి ఉంటారు. మీ డ్రైవర్ నియమం ప్రకారం ఒకటి కలిపింది, లేని సెక్టారు ఒకటి పుట్టుకొచ్చింది. ఆ సెక్టారును అడిగినప్పుడు పరికరం అది లేదని ఎర్రర్ సంకేతం ఇచ్చి ఊరుకోవాలి. ఆ దారిని ఎవరూ పరీక్షించి ఉండరు కాబట్టి ఫర్మ్‌వేర్ అక్కడే చిక్కుకుపోతోంది. మొత్తం సెక్టార్ల సంఖ్య దాదాపు ఎప్పుడూ సరిసంఖ్యగానే ఉంటుంది. మీకు కనిపించినది బేసి కావడం నా అనుమానాన్ని బలపరుస్తోంది.

కోడ్‌ను వంచడం సరైనదే అని నేను నిస్సంకోచంగా చెబుతాను. పరికరం అప్పటికే వాడేవారి చేతిలో ఉంది, అందులో వారి ఫైళ్లున్నాయి, ఆ ఫర్మ్‌వేర్‌ను మార్చే వీలు వారికి లేదు. చౌక పరికరాలలో చాలావాటిని తయారీదారులు స్పెసిఫికేషన్‌తో కాక, జనం ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌తో సరిచూసి వదిలేస్తారన్నది ఈ పనిలో ఉన్నవారందరికీ అనుభవమే. అందుకే లినక్స్‌లోని యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ పరికరం ఏమిటో అడిగే ఇంక్వైరీ ఆదేశంలో 36 బైట్లకు మించి అడగదు. దాని అమరికలను అడిగే మోడ్ సెన్స్ ఆదేశంలో 192 బైట్లు అడుగుతుంది, ఎందుకంటే విండోస్ అడిగేది అంతే, వేరే పొడవు అడిగితే జవాబివ్వని డిస్కులు చాలా ఉన్నాయి. ఒక్క విడతలో పంపే డేటాను కూడా మామూలుగా 120 కిలోబైట్ల దగ్గర ఆపుతుంది. ఇవేవీ ప్రోటోకాల్ కోరినవి కావు. మీ డ్రైవర్ కూడా ఈ అలవాట్లను మొదటి నుంచే పాటిస్తే సగం ఇబ్బందులు ఎదురు కాకుండానే పోతాయి.

ఎక్కడ వంచాలన్నదే అసలు కష్టమైన ప్రశ్న. పరికరం ప్రవర్తనే సందేహానికి తావులేని సాక్ష్యం ఇచ్చే చోట ఆ సాక్ష్యాన్ని నమ్మండి. పెన్‌డ్రైవ్‌లు మామూలుగా వాడే బల్క్ ఓన్లీ పద్ధతిలో ప్రతి ఆదేశం చివర పరికరం 13 బైట్ల స్టేటస్ (పని ఏమైందో చెప్పే జవాబు) పంపుతుంది. అడిగినదానిలో ఎంత మిగిలిపోయిందో చెప్పే అంకె అందులో ఉంటుంది. ఇంక్వైరీకి 36 బైట్లు అడిగితే 36 బైట్లూ వచ్చి, పైగా ఇంకా కొంత మిగిలిందని పరికరం అంటే, ఆ అంకె నమ్మదగినది కాదని అక్కడికక్కడే రుజువైపోయింది. లినక్స్ ఆ క్షణం నుంచి ఆ పరికరం చెప్పే మిగులును పట్టించుకోవడం మానేస్తుంది. స్టేటస్ మొదట్లో ఉండవలసిన 4 బైట్ల గుర్తు విషయంలోనూ అంతే: కొన్ని పరికరాలు వేరే గుర్తు పంపుతాయి కాబట్టి, మొదటిసారి ఏది వస్తే దాన్ని గుర్తుపెట్టుకుని, తర్వాతి వాటిని దానితో పోల్చి చూస్తుంది. ఈ రెండు ఉపాయాలకూ తప్పు చేసే పరికరాల జాబితా ఏదీ అక్కరలేదు, ఇంకా మార్కెట్లోకి రాని పరికరాలకు కూడా ఇవి పనికొస్తాయి.

మీ సమస్యకు మాత్రం ఇంతటి రుజువు దొరకదు. బేసిసంఖ్య కనిపించిన ప్రతిచోటా ఒకటి తీసేస్తే, నిజంగానే బేసి సెక్టార్లున్న డిస్కు చివరి సెక్టారు మాయమవుతుంది. డిస్కును ఎలా భాగాలు చేశారో చెప్పే జీపీటీ విభజన పట్టిక రెండో ప్రతి ఉండేది సరిగ్గా అక్కడే. లినక్స్ కూడా ఈ ఊహను అందరికీ వర్తింపజేయదు, గుర్తించిన కొన్ని పరికరాలకే పరిమితం చేసింది. కాబట్టి తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, పరికర వెర్షన్ సంఖ్య, ఈ మూడింటితో ఒక పట్టిక పెట్టుకుని అందులో ఈ పెన్‌డ్రైవ్‌ను చేర్చండి. వెర్షన్‌ను మీరు చూసిన దానికే పరిమితం చేయండి. అన్ని వెర్షన్లకూ తెరిచిపెడితే, తర్వాత తప్పు దిద్దిన ఫర్మ్‌వేర్ వచ్చినప్పుడు దాని నుంచి మీరే ఒక సెక్టారు కోసేసినవారవుతారు. వరుస పక్కన ఏ ఆదేశానికి ఏ బైట్లు వచ్చాయో వ్యాఖ్యగా రాయండి. కారణం రాయని మినహాయింపును తీసేసే ధైర్యం ఆ తర్వాత ఎవరికీ ఉండదు. లినక్స్ పట్టికలో అవసరం లేని వివరం కనబడితే కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) తానే లాగ్‌లో ఆ సంగతి రాసి, ఆ సందేశాన్ని దాన్ని రాసేవారికి పంపమని కోరుతుంది. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది.

పట్టికలో చేర్చే ముందు మీ కోడ్‌నే ఒకసారి అనుమానించండి. ఒకప్పుడు నేను ఒక కార్డ్ రీడర్ స్టేటస్‌ను మింగేస్తోందని రెండు రోజులు నమ్మాను. తీగలో వెళ్లే డేటాను చూపే బస్ అనలైజర్ పెట్టి చూస్తే రీడర్ పంపుతూనే ఉంది. స్టాల్ (పరికరం ఆదేశాన్ని నిరాకరించి ఆగడం) తర్వాత ఎండ్‌పాయింట్ (డేటా వెళ్లే దారి) హాల్ట్‌ను తొలగించినప్పుడు పరికరం డేటా టాగుల్‌ను (ప్యాకెట్లకు మార్చి మార్చి వేసే 0, 1 గుర్తును) సున్నాకు తెచ్చుకుంది, నా వైపు నేను తేలేదు. అందువల్ల వచ్చిన ప్యాకెట్‌ను పాతదే మళ్లీ వచ్చిందనుకుని నా కంట్రోలరే పారేసింది. ఆ రీడర్ పేరు పట్టికలో చేర్చి ఉంటే నా తప్పు దాని కింద దాగిపోయేది.

ప్రశ్న: యూఎస్‌బీ పెట్టెలో పెట్టిన హార్డ్ డిస్కును తగిలిస్తే, క్యాషింగ్ మోడ్ పేజీ దొరకలేదని, రైట్ త్రూ అని (రాసినది క్యాష్ అనే తాత్కాలిక నిల్వలో ఆగకుండా నేరుగా డిస్కుకు వెళ్తుందని) భావిస్తున్నానని లినక్స్ లాగ్‌లో వస్తోంది. దీన్ని పట్టించుకోవాలా?

జవాబు: పట్టించుకోవాలి. యూఎస్‌బీని డిస్కుకు కలిపే, పెట్టెలోని బ్రిడ్జ్ చిప్ డిస్కు క్యాష్ వివరాలను చెప్పడం లేదు కనుక, క్యాష్‌లో ఆగే డేటా ఏదీ లేదని కెర్నల్ అనుకుంటోంది. అనుకుని, క్యాష్‌లోనిది డిస్కుకు రాసేయమనే ఫ్లష్ ఆదేశాలు పంపడం మానేస్తోంది. లోపలి డిస్కులో రైట్ క్యాష్ పనిచేస్తూ ఉంటే, కరెంటు పోయిన క్షణాన ఫైల్ సిస్టమ్ భద్రమనుకున్న సమాచారం పోవచ్చు. కెర్నల్ అమరికలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ డిస్కు క్యాష్ రకం ఫైలులో 'టెంపరరీ' అన్న మాట ముందు చేర్చి 'రైట్ బ్యాక్' (ముందు క్యాష్‌లో ఆపి, తర్వాత డిస్కుకు రాసే పద్ధతి) అని రాస్తే, పరికరాన్ని కదిలించకుండా కెర్నల్ అభిప్రాయం ఒక్కటే మారి, ఫ్లష్‌లు వెళ్లడం మొదలవుతుంది.

ఫ్లష్ అందిందని చెప్పి, చేయని పరికరానికి మాత్రం ఏ డ్రైవర్ వద్దా మందు లేదు. అది తేల్చుకోవడానికి, వరుస సంఖ్యలు వేసిన సెక్టార్లు రాస్తూ, ఫ్లష్ పూర్తయిన ప్రతిసారీ ఆ సంఖ్యను వేరే యంత్రంలో నమోదు చేసుకుంటూ, మధ్యలో డిస్కుకు కరెంటు తీసేయండి. మళ్లీ పెట్టి చదివినప్పుడు నమోదైన సంఖ్య డిస్కులో కనబడకపోతే, ఆ పెట్టెను ముఖ్యమైన డేటాకు వాడకండి.